ఉమ్‌హ్లాలిలో పింఛను రోజు

నేను పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో దిగేటప్పటికి ఆ దేశంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగి కొన్నేళ్ళయింది. హైదరాబాద్‌లో నేను పనిచేసే కంపెనీ అక్కడి రాష్ట్ర ప్రభుత్వానికి కంప్యూటర్ పని చేసిపెట్టడానికి ఒప్పుకుంది. వెళ్ళవలసినతనికి పెళ్ళి కుదిరింది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషినని నన్ను పంపించారు. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి.

ఆ ఊళ్ళోనే ఇండియన్లుండే పేట నార్త్‌డేల్‌లో ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటివాళ్ళ ముత్తాతలు చెరుకు తోటల్లో కూలికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఇంటిపేరు తెలుగే. శనివారం గోవింద నామాలు చదువుతారు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని. అంతకు మించి తెలుగు రాదు. ఇంటావిడ మంచిది. పొద్దున్నే వంటింటి కిటికీలోంచి "యూ ఓకే దేర్, డార్లింగ్?" అని పలకరించేది. ఓకే అనేదాన్ని. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో ఇంగ్లీషు, కూరల కొట్లో ఇంగ్లీషు. వంట చేసుకుంటూ పైకే మాట్లాడుకోవడం నాకు అక్కడే అలవాటైంది. "ఉప్పెక్కువేశానే" అని గిన్నెకు చెప్పేదాన్ని. ఒకరోజు ఇంటావిడ విని, ఎవరైనా వచ్చారా అని తలుపు దాకా వచ్చింది. ఎవరూ రాలేదని చెప్పడానికి సిగ్గేసింది. రేడియో అన్నాను.

మాది ముసలివాళ్ళ పింఛన్ల పని. పాత ప్రభుత్వంలో ఒక్కో రంగువాళ్ళకు ఒక్కో ఆఫీసు, ఒక్కో చోటు, ఒక్కో రకం పింఛను. తెల్లవాళ్ళకు అందరికంటే ఎక్కువ, నల్లవాళ్ళకు అందరికంటే తక్కువ, ఇండియన్లు మధ్యలో. కొత్త ప్రభుత్వం వచ్చాక అందరికీ ఒకే ఆఫీసు, ఒకే పింఛను, ఒకే వరస అయింది. ఆ వరస కూడా అక్కరలేకుండా చేయడానికి మమ్మల్ని పిలిచారు. ముసలివాళ్ళ వేలిముద్ర తీసుకుని, బ్యాంకు ఖాతా నంబరు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, ఇక నెలనెలా డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది. తెల్లవారకుండానే వచ్చి ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళను, పింఛను పట్టుకుని వెళుతుంటే దారిలో దోపిడీకి గురైనవాళ్ళను చూశాక, ఇంతకంటే మంచి పని ఏముంటుంది అనుకున్నాను. ఇప్పటికీ అది చెడ్డ పని అనుకోను.

నాతో ఊళ్ళకు వచ్చే గుమాస్తా ఒక జూలూ ఆవిడ, నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కడి పద్ధతిలో ఆవిడని సిసీ అని పిలిచేదాన్ని, అంటే అక్క అని. ప్రభుత్వం వ్యాను ఆవిడే నడిపేది. నేను ఒళ్ళో ల్యాప్‌టాప్, వేలిముద్రల పెట్టె పెట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. దారంతా ఆవిడ చర్చి పాటలు పాడుకునేది. నన్ను పాడమంటే నాకు సిగ్గు.

అలా మొదటిసారి ఉమ్‌హ్లాలి వెళ్ళాం. చిన్న ఊరు, ఒక్కటే పెద్ద వీధి, చుట్టూ చెరుకు. కోతల ముందు తోటలకు నిప్పు పెడతారు కదా, నల్లటి మసి రేకులు గాలిలో తేలుతూ వచ్చి నా కీబోర్డు మీద వాలేవి. ఇండియన్లు పెళ్ళిళ్ళు చేసుకునే హాల్లోనే పింఛన్లు ఇచ్చేవారు. బయట వరస రోడ్డు దాకా ఉంది. వరస పక్కన ఒక చిన్న సంతే వెలిసింది. కోళ్ళు, నశ్యం, పాత కోట్లు, వేయించిన వేరుశనగలు. ఎవరికీ తొందర ఉన్నట్టు కనబడలేదు.

నేను బల్ల దగ్గర తలవంచుకుని పేర్లు ఎక్కిస్తున్నాను. ఒక్కసారిగా వరసలోంచి ఒక కేక.

"ఓరి నీ మొగం మాడ! ఎనక్కి పోరా! ముందొచ్చినోళ్ళం మడుసులం కామా?"

నా వేళ్ళు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే, బల్లంత ఎత్తు కూడా లేని ఒక ముసలావిడ, తెల్ల చీర మీద మగవాళ్ళ స్వెటర్ తొడుక్కుని, మధ్యలో దూరిన ఒక పెద్దమనిషిని కర్రతో వెనక్కి నెడుతోంది. ఆయనకు ఆ భాష ముక్క రాదు, అయినా వెనక్కి వెళ్ళిపోయాడు. ఎన్ని నెలలకో నేను విన్న మొదటి తెలుగు అది. తిట్టు నన్ను కాదు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ వంతు వచ్చాక మెల్లగా అడిగాను. "అవ్వా, మీరు తెలుగువాళ్ళా?"

ఆవిడ నా మొహంలోకి వంగి చూసింది. "యే, నువ్వు ఇండియా పిల్లవా? ప్రాపర్ తెలుగు పిల్లవా?"

"అవునవ్వా. మాది రాజమండ్రి."

"అదెక్కడో నాకు తెలీదు. మా తాత ఇసాపట్నం అని చెప్పేవోడు." తర్వాత సంజాయిషీ చెబుతున్నట్టు అంది. "నాకు తెలుగు స్మాల్-స్మాల్ వచ్చు, అమ్మా. తిట్టు వచ్చు, దణ్ణం వచ్చు. మజ్జలో మాటలు రావు."

ఆ రోజు పని అయ్యాక కూడా అవ్వ ఇంటికి వెళ్ళలేదు. హాలు గోడ పక్క బల్ల మీద ఒక జూలూ ముసలావిడతో కూర్చుంది. ఆవిడ బాగా పొడుగు, తలకు బిగించి గుడ్డ కట్టుకుంది. అవ్వ కాళ్ళు నేలకు అందడం లేదు. మధ్యలో రెండు గిన్నెలు. పొడుగావిడ ఉడికించిన చేమదుంపలు తెచ్చింది, అవ్వ మామిడికాయ పచ్చడి తెచ్చింది. దుంప ఒలిచి పచ్చడి అద్దుకుని తింటూ జూలూలో ఒకటే మాటలు, ఒకటే నవ్వులు. సాయంత్రం కొండ మీదికి వెళ్ళే ఆఖరి టాక్సీ, అంటే జనాన్ని కుక్కుకునిపోయే వ్యాను, హారన్ కొట్టేదాకా వాళ్ళు లేవలేదు.

వాళ్ళ కథ సిసీ నాకు వ్యానులో చెప్పింది. కొంత తర్వాత అవ్వే చెప్పింది. పదహారు పదిహేడేళ్ళ వయసులో ఇద్దరూ ఒకే తోటలో కలుపు తీసేవాళ్ళు. ఒకరు పొట్టిది, ఒకరు పొడుగుది. పేర్లు పెట్టి పిలుచుకున్నది లేదు. అవ్వ మొదటి బిడ్డ తోటలోనే పుడితే పైగుడ్డ విప్పి చుట్టింది పొడుగావిడే. తర్వాత ఎవరెక్కడ ఉండాలో రంగును బట్టి ప్రభుత్వం తేల్చింది. అవ్వ వాళ్ళ బారకాసులు, అంటే తోట కూలీల వరస ఇళ్ళు, కూల్చేశారు. పొడుగావిడ వాళ్ళను కొండ మీదికి తోలేశారు. మధ్య దూరం మరీ ఎక్కువేమీ కాదు, కానీ ఒకరున్న వైపు ఒకరికి పనిలేకుండా పోయింది. ముసలితనం వచ్చాక పింఛను కూడా వేరే వేరే చోట్ల తీసుకున్నారు. ఎన్నికలయ్యాక వరస ఒక్కటైంది. ఆ మొదటి నెల, హాలు బయట నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో జూలూలో "పొట్టిదానా!" అని పిలిచారు.

"నాను తిరగలేదు," అంది అవ్వ. "గొంతు తెలిసిపోనాది. తిరిగితే ఏడుస్తా అని తిరగలేదు."

అప్పటినుంచి నెలకోరోజు ఆ బల్ల వాళ్ళది.

నేను నెలనెలా వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా అవ్వ నాకూ ఒక దుంప అట్టేపెట్టేది. నేను పక్కన కూర్చుని తినేదాన్ని. వాళ్ళ మాటలు నాకు అర్థం కావు. అవ్వ ఉండుండి నా వైపు తిరిగి, "తిను, తిను. బక్కముండా," అనేది. అంత ప్రేమగా నన్నెవరూ తిట్టి చాలాకాలమైంది.

ఒక నెల అవ్వ తన కొడుకుతో వచ్చింది. యాభై ఏళ్ళవాడు, చక్కెర మిల్లులో మెకానిక్, నెమ్మదస్తుడు. తల్లిని ఎండలో నిలబెట్టడం తనకు ఎప్పుడూ బాధేనని నాతో ఇంగ్లీషులో అన్నాడు. బ్యాంకులో ఖాతా తెరిచి ఆ కాగితం తెచ్చాడు. నేను అవ్వ బొటనవేలు పట్టుకుని గాజు మీద పెట్టాను.

"ఇది నొక్కితే ఇంక ఇక్కడికి రావద్దా?" అంది అవ్వ.

"అక్కరలేదవ్వా. డబ్బు బ్యాంకులోకి దానంతటదే వచ్చేస్తుంది."

"దానికి?" గోడ పక్క బల్ల వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"ఆవిడకి కూడా. ఆవిడకి పక్క ఊరు స్టాంగర్‌లో బ్యాంకు."

అవ్వ వేలు నా చేతిలో అలాగే ఉంది. కొడుకు "మా, కమాన్," అన్నాడు. "సరే, నొక్కేస్తా. గోర్మెంటు నొక్కమంటే మనమేం చేస్తాం," అని నొక్కింది. మొదటిసారికే ముద్ర చక్కగా పడింది. తెర మీద పచ్చటి గుర్తు వచ్చింది.

హాల్లో పింఛన్లు ఆపేసిన నెల మా ఆఫీసులో కేకు కోశారు. అందరి ఫొటో తీశారు. నేను చివర నిలబడ్డాను. అందరికీ సంతోషంగానే ఉంది, నాకూ ఉంది. ఆ సాయంత్రం గదికొచ్చి, మిగిలిన కేకు ముక్క పళ్ళెంలో పెట్టుకుని, ఎవరికి చెప్పాలో తోచక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు మళ్ళీ ఉమ్‌హ్లాలి వెళ్ళవలసి వచ్చింది. వేలిముద్రలు సరిపోనివాళ్ళు కొందరు మిగిలిపోయారు, వాళ్ళ పని చూడాలి. హాలు ముందు సంత లేదు, కోళ్ళు లేవు. లోపల నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. గోడ పక్క బల్ల మీద అవ్వ ఒక్కతే ఉంది. పక్కన మూత పెట్టిన గిన్నె.

"ఏమైందవ్వా, డబ్బు పడలేదా?"

"పడతాంది. ప్రతి నెలా పడతాంది. అది ఏది?"

ఎవరో మళ్ళీ హాలు తెరుస్తున్నారని చెబితే, అందరూ వస్తారనుకుని పొద్దున్నే వచ్చేసిందట. "నీ మిషన్లో సూడు. అది ఉందా, పోయిందా?"

ఒకరి వివరాలు ఇంకొకరికి చెప్పకూడదు. కానీ ఆ రోజు వెతికి చూశాను. పింఛను నెలనెలా తీసుకుంటున్నట్టే ఉంది.

"ఉందవ్వా. బాగానే ఉంది."

అవ్వ గిన్నె మూత సర్దింది. "అయితే నన్ను తీసుకుపో. నాకు కొండ పేరు తెలుసు. నా కొడుకు పోవద్దంటాడు. అక్కడ పార్టీల గొడవలు, తుపాకులు అంటాడు. నువ్వు గోర్మెంటు పిల్లవి, నిన్నేం చేస్తారు?"

నాకు నిజంగానే భయమేసింది. సిసీని అడిగాను. ఆవిడ నవ్వి, శనివారం తనూ వస్తానంది.

శనివారం నా పాత కారులో ముగ్గురం బయలుదేరాం. తారు రోడ్డు అయిపోయాక రెండు పక్కలా మనిషికి మించిన చెరుకు, మధ్యలో ఎర్రమట్టి దారి. అవ్వ ముందు సీట్లో, కింద దిండు వేసుకుని కూర్చుంది. ఒక మలుపు దగ్గర "ఇక్కడ, ఇక్కడ," అంది. కారు ఆపాను. "ఇక్కడే మా బారకాసు," అంది. చెరుకు తప్ప ఏమీ లేదు. "సరే, పోనీ."

కొండ మీద దారి అడిగితే ఇల్లు వెంటనే చూపించారు. గుండ్రటి ఇల్లు ఒకటి, పక్కన సిమెంటు ఇటుకల గది. పొడుగావిడ గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఆవిడ చూపు బాగా తగ్గిపోయింది. అవ్వ కారు దిగి, కర్ర నేలకేసి కొట్టి, జూలూలో గట్టిగా ఏదో అంది. పొడుగావిడ రెండు చేతులూ గాలిలో చాపింది. అవ్వ వెళ్ళి ఆ చేతుల్లో కూర్చుంది.

తర్వాత నేను చేసేదేమీ లేకపోయింది. నాకు ఒక డబ్బా బోర్లించి ఇచ్చారు. పొడుగావిడ కోడలు టీ ఇచ్చింది. సిసీ లోపలికి వెళ్ళి కోడలితో కబుర్లలో పడింది. నేను ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయాను. ఇంత దూరం వాళ్ళను కలపడానికి వచ్చాను, కలిపాను. అయినా అంత ఒంటరిగా నాకు నార్త్‌డేల్ గదిలో కూడా అనిపించలేదు. వాళ్ళకు పంచుకోవడానికి ఒక తోట ఉంది, చచ్చిపోయిన మేస్త్రీలున్నారు, నడుం నొప్పి ఉంది. ఆ దేశంలో నాకు పాతబడిన సంగతి ఒక్కటీ లేదు.

కోడలు బయటికొచ్చి ఇంగ్లీషులో చెప్పింది. "మా అత్త అంటోంది, డబ్బు తొందరగా వస్తోందట. కానీ పింఛను రోజు ఏ రోజో ఇప్పుడు తెలియడం లేదట. కార్డు తీసుకుని నేనే స్టాంగర్ వెళ్ళొస్తాను కదా."

పొడుగావిడ నా గురించి అడిగింది. అవ్వ జవాబు చెప్పి, నాకు తెలుగులో చెప్పింది. "ఎవరి పిల్ల అని అడగతాంది. ఎవరి పిల్లా కాదు, గోర్మెంటు పిల్ల అని చెప్పినా." పొడుగావిడ నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి ఏదో అంది. ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. నా వేళ్ళు పసిపిల్ల వేళ్ళలా ఉన్నాయట, ఒక్క గడ్డిపోచైనా పీకి ఉండవట.

అలా ఇంకొన్నిసార్లు వెళ్ళాం. ఒక ఉపాయం కూడా ఆలోచించాను. అవ్వ ఖాతా కూడా స్టాంగర్‌కే మార్పించి, ఇద్దరూ ఒకే రోజు అక్కడికి వెళ్ళేలా ఏర్పాటు చేశాను. కోడలు అత్తను తీసుకొచ్చేది, కొడుకు తల్లిని దింపేవాడు. కొన్ని నెలలు బాగా జరిగింది. కానీ బ్యాంకు పెళ్ళిళ్ళ హాలు కాదు కదా. మెట్ల మీద కూర్చుంటే కాపలావాడు మర్యాదగానే లెమ్మనేవాడు. లోపల కుర్చీలో కూర్చుని గిన్నె తెరిస్తే వాసన అన్నారు. తర్వాత బయట గోడలో డబ్బిచ్చే మిషను పెట్టారు. పని క్షణంలో అయిపోయేది. పొడుగావిడకు ఆయాసం మొదలైంది, కొండ దిగలేకపోయింది. మిల్లులో మనుషులను తగ్గించారు. కొడుకుకు డర్బన్‌లో వేరే ఉద్యోగం దొరికి, తల్లిని తీసుకుని అక్కడి గ్రీన్‌వుడ్ పార్క్ పేటకు మారిపోయాడు.

ఒక శీతాకాలం పొద్దున సిసీ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కొండ మీది కోడలు ఆఫీసుకు ఫోన్ చేసిందట. పొడుగావిడ పోయింది.

అవ్వకు ఫోన్‌లో చెప్పలేకపోయాను. సెలవు పెట్టి గ్రీన్‌వుడ్ పార్క్ వెళ్ళాను. అవ్వ టీవీ ముందు కుర్చీలో ఉంది. నన్ను చూడగానే మొహం వెలిగింది. తర్వాత నా మొహం చూసింది.

"పోనాదా?" అంది.

తలూపాను.

అవ్వ కర్ర తీసుకుని లేచి నిలబడింది. తిట్టడం మొదలుపెట్టింది. "ఓసి దొంగముండా! ఓసి పొడుగు తాడిచెట్టా! చెప్పకుండా పోతావే? నాను ఇక్కడ కూసుంటే నువ్వు పోతావే? నీ మొగం మాడ, నీ కాళ్ళిరగ, నీ ఇల్లు కూల..." ఆ తిట్లు చచ్చిపోయినావిడకు జన్మలో అర్థం కాని భాషలో. కొడుకు వంటింట్లోంచి కంగారుగా వచ్చాడు. తల్లి ఎందుకు తిడుతోందో, ఎవరిని తిడుతోందో అతనికీ అర్థం కాలేదు. నాకు ఒక్కదానికే తెలిసింది. పక్కకు వెళ్ళి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. ఊపిరి అయిపోయేదాకా తిట్టి కూర్చుంది.

అంత్యక్రియలకు కొడుకే కారు తీశాడు, భయం సంగతి ఎత్తలేదు. కొండ మీద ఆ ఇంట్లో ఆడవాళ్ళు అవ్వను చూడగానే పక్కకు జరిగి, దగ్గరి బంధువులు కూర్చునే చాప మీద చోటిచ్చారు. కొడుకూ నేనూ బయట చలిలో నిలబడ్డాం. అతను చేతులు జేబుల్లో పెట్టుకుని లోపలికి చూస్తూ అన్నాడు. "ఆ మొదటి బిడ్డని నేనే. ఆవిడ గుడ్డలో చుట్టిందని నాకు నువ్వు చెబితేగానీ తెలియదు. మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పిందేమో, నేనే అర్థం చేసుకోలేదేమో."

ఆ ఏడు చివర మా కంపెనీ పని పూర్తయింది. హైదరాబాద్ వచ్చేశాను. కొన్నాళ్ళు గ్రీన్‌వుడ్ పార్క్‌కు ఫోన్ చేస్తూ ఉన్నాను. ఎదురుగా ఉంటే అవ్వతో మాటలు అవసరమయ్యేవి కావు, ఫోన్‌లో మాటలు తప్ప ఇంకేమీ ఉండవు.

"తిన్నావా?" అనేది.

"తిన్నానవ్వా. మీరు?"

"తిన్నా."

తర్వాత ఇద్దరికీ ఏమనాలో తెలిసేది కాదు. అవ్వ పెట్టేసేది కాదు, నేనూ పెట్టేసేదాన్ని కాదు. అటువైపు టీవీ మోత వినపడుతూ ఉండేది. చివరికి కొడుకు వచ్చి ఫోన్ తీసుకుని, బాగానే ఉందని చెప్పేవాడు. ఒకసారి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని రికార్డింగ్ వచ్చింది. వాళ్ళు ఎక్కడికి మారారో చెప్పేవాళ్ళు నాకెవరూ లేరు. సిసీకి ఉత్తరం రాశాను. ఆవిడ వెతికిందట, దొరకలేదట.